ముందు మోకాలు, తర్వాతే పరుగు

బంగారూ,

యూనివర్సిటీ ఫుట్‌బాల్ సెలక్షన్స్‌కి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. విన్నప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. మన ఇంట్లో మళ్ళీ ఒకరు బూట్లు వేసుకుంటున్నారంటే ఎంత సంతోషమో! కానీ రోజూ పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ 20 రౌండ్లు కొడుతున్నావట. ఎవరు చెప్పారమ్మా నీకు? నా టెన్షన్ అంతా అక్కడే మొదలైంది.

90 నిమిషాల మ్యాచ్‌లో సుమారు 10 కిలోమీటర్లు తిరగాల్సి వస్తుంది, నిజమే. అందులో ఎక్కువ భాగం నడక, జాగింగే. ఆట తేల్చేది మధ్యలో వచ్చే పొట్టి పరుగులు, గబుక్కున ఆగడం, తిరగడం, ఎగరడం. రౌండ్లతో అవి రావు. వారానికి రెండు రోజులు స్ప్రింట్లు కొట్టు, మధ్యలో ఊపిరి సర్దుకునేదాకా ఆగు. ఇంకో రెండు రోజులు స్క్వాట్లు, అంటే గుంజీళ్ళలాంటివి, ఇంకా ఒక కాలు ముందుకేసి మోకాళ్ళు వంచే లంజెస్. ఎత్తే బరువు మెల్లగా పెంచు. హిమోగ్లోబిన్ చూపించుకో. వేళకి పడుకో.

ఇక అసలు సంగతి. మీ బాబాయి మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు, గమనించావా? మా ఇద్దరిలో అసలు ఆటగాడు వాడే. లెఫ్ట్ వింగ్‌లో బంతి అందుకుంటే గట్టు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఓ మ్యాచ్‌లో హెడ్డింగ్‌కి ఎగిరి ఒంటికాలి మీద దిగాడు. ఎవరూ తగల్లేదు. మోకాలు లోపలికి ఒరిగి 'టప్'మంది. సాయంత్రానికి బూరెలా పొంగింది. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మోకాలి ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్ తెగితే ఎక్స్‌రేలో కనపడదని ఎవరికి తెలుసు? నూనె రాసి, కట్టు కట్టి, వాపు తగ్గగానే మళ్ళీ దింపారు.

1962 జకార్తా ఆసియా క్రీడల కథ మా నాన్న రోజూ చెప్పేవాడు. మన హైదరాబాద్ రహీమ్ సాబ్ కోచ్‌గా ఉన్న ఆ టీమ్‌లో జర్నైల్ సింగ్ తలకి కుట్లతోనే ఆడి, ఫైనల్లో గోల్ కొట్టాడు. అది విని పెరిగినవాడు నొప్పి అని ఎలా అంటాడు? "బాగానే ఉంది అన్నయ్యా" అనేవాడు. తిరిగినప్పుడల్లా మోకాలు జారేది, జారినప్పుడల్లా లోపల ఇంకాస్త అరిగేది. తలకి వేసిన కుట్లు వేరు, తెగిన లిగమెంట్ వేరు తల్లీ.

ఈ దెబ్బ అబ్బాయిల కంటే అమ్మాయిలకే ఎక్కువ తగులుతుంది. కంగారు పడకు, చాలావరకు తప్పించుకోవచ్చు. ఫిఫా వాళ్ళ లెవెన్ ప్లస్ వార్మప్ 20 నిమిషాలే, ప్రాక్టీస్‌కి ముందు మానకు. అందులో తొడ వెనక కండరాలకి నార్డిక్ హామ్‌స్ట్రింగ్ అనే వ్యాయామం ఉంటుంది. నువ్వు మోకాళ్ళ మీద నిలబడితే ఒకరు మడమలు గట్టిగా పట్టుకుంటారు, నువ్వు నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. మొదట్లో తొడల వెనక సలుపుకి కుర్చీలో కూర్చోవడమూ కష్టమే. తక్కువ సార్లతో మొదలుపెట్టు.

రేపే ఒక వీడియో పంపు. స్టూల్ మీద నుంచి దూకి దిగుతుంటే ఎదురుగా నిలబడి తీయమను. మోకాళ్ళు లోపలికి పోతున్నాయేమో నేను చూడాలి. బూట్ల సైజు కూడా చెప్పు. మీ గ్రౌండ్ గట్టి నేల అట, దానికి తగ్గట్టు అడుగున పొట్టి స్టడ్స్, అంటే పట్టు కోసం ఉండే బుడిపెలు, ఉన్నవి కొని పంపిస్తాను.

మీ పెదనాన్న