వెళ్లడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు, రావడానికి ఇరవై నిమిషాలేనా?

సందేహం: మా అమ్మాయి లండన్‌లో చదువుతోంది. జూన్‌లో వెళ్లినప్పుడు పారిస్ కూడా చూసి రావాలనుకుంటున్నాం. హీత్రూ నుంచి పారిస్ చార్లెస్ డి గాల్ ఎయిర్‌పోర్టుకు దూరం ఒక సైట్లో 348, ఇంకోదాంట్లో 216, మరోచోట 188 అని ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో 450 దాకా చూపిస్తోంది. విమానం ఉదయం 9.30కి బయల్దేరి 11.50కి చేరుతుందట. తిరుగు విమానం మాత్రం సాయంత్రం 6.30కి బయల్దేరి 6.50కే చేరుతుందట! ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: టైమ్‌లో తప్పేమీ లేదండీ, టెన్షన్ పడకండి. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుంది. మీరు పారిస్‌లో దిగే 11.50కి లండన్‌లో ఇంకా 10.50. అంటే ప్రయాణం గంటా ఇరవై నిమిషాలు. వచ్చేటప్పుడూ అంతే. నిజానికి పారిస్ ఉన్న చోటుకి లండన్ టైమే సరిపోతుంది. 1940 దాకా అక్కడా గ్రీనిచ్ టైమే ఉండేది. జర్మనీ ఆక్రమించినప్పుడు బెర్లిన్ టైమ్ పెట్టింది, యుద్ధం అయిపోయినా అదే ఉండిపోయింది.

ఆ గంటా ఇరవైలో గాల్లో ఉండేది అటూ ఇటుగా 50 నిమిషాలే. మిగతాది గేటు నుంచి రన్‌వే దాకా, దిగాక మళ్లీ గేటు దాకా పోతుంది. అందుకే దూరాన్ని విమానం వేగంతో భాగించి చెప్పే సైట్లను ప్లానింగ్‌కి నమ్మకండి, ఎయిర్‌లైన్ ఇచ్చిన టైమే చూడండి.

ఇక దూరం. 348 కిలోమీటర్లు, 216 మైళ్లు, 188 నాటికల్ మైళ్లు మూడూ ఒకటే. గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారి అది. 450 మాత్రం రోడ్డు దారి, సముద్రం కింద 50 కిలోమీటర్ల సొరంగం కూడా కలిపి. మీరే చూసుకోవాలంటే మ్యాప్స్‌లో హీత్రూ మీద వేలు నొక్కి పట్టి పిన్ వేయండి. కింద వచ్చే వివరాలను పైకి జరిపితే 'మెజర్ డిస్టెన్స్' కనిపిస్తుంది.

అసలు చిక్కు ఫోన్ క్యాలెండర్‌తో వస్తుంది. వరంగల్‌లో కూర్చుని తిరుగు ప్రయాణం 6.30 అని రాసుకుంటే ఫోన్ దాన్ని మన టైమ్‌గా తీసుకుంటుంది. జూన్‌లో పారిస్ వెళ్లాక అదే మధ్యాహ్నం 3 గంటలుగా కనిపిస్తుంది. కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి, బయల్దేరే టైమ్‌కి పారిస్ జోన్, చేరే టైమ్‌కి లండన్ జోన్ విడివిడిగా పెట్టండి.

బుక్ చేసేముందు కోడ్ సీడీజీ అని ఉందో లేదో చూడండి. పారిస్ పేరుతోనే అమ్మే బోవే ఎయిర్‌పోర్టు (కోడ్ బీవీఏ) నగరానికి 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. బ్రిటన్ వీసా ఫ్రాన్స్‌లో చెల్లదు, షెంజెన్ వీసాకి ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండి.