క్లయింట్ అరుస్తున్నాడని ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ అయ్యాక మాదాపూర్‌లో ఓ చిన్న వెబ్ ఏజెన్సీలో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌గా చేరింది. కూకట్‌పల్లిలో ఒక చీరల షాపు వెబ్‌సైట్ 60 వేలకు ఒప్పుకున్నారు. ఆన్‌లైన్ పేమెంట్, తెలుగు పేజీలు కూడా అందులోనే అని ఓనరు గొడవ. మేనేజరేమో తప్పంతా అమ్మాయిదే అంటున్నాడు. మాన్పించి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేయిద్దామా?
- ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇప్పుడే మాన్పించకండి. టెస్టింగ్ మంచి పనే. కానీ ‘ఇది ముందు చెప్పలేదే’ అనే పేచీ అక్కడా ఉంటుంది.

ఆ ఓనరుది దురాశ అని నేననుకోను. వెబ్‌సైట్ అంటే ఆయనకు చీరలు అమ్ముడుపోవడం, ఏజెన్సీకి ఐదారు పేజీలు. 60 వేలకు ఇద్దరూ సరే అన్నారు, దేనికన్నది మాత్రం రాసుకోలేదు. 18 శాతం జీఎస్టీ అదనమని ముందే చెప్పకపోతే, 70,800 బిల్లు చూసిన రోజు ఎవరికైనా మోసపోయామనే అనిపిస్తుంది. డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ చోటు)లకు మళ్లీ మళ్లీ డబ్బు కట్టాలన్న సంగతీ అంతే.

మీ అమ్మాయి ఎస్టిమేట్ రాయడం నేర్చుకోవాలి. ఎన్ని పేజీలు, చీరల ఫొటోలు ఎవరు తీయిస్తారు, ధరల ఎక్సెల్ షీట్ ఎవరిస్తారు, డిజైన్ ఎన్నిసార్లు మారుస్తారు, అన్నీ అందులో ఉండాలి. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వేకి షాపు పాన్, బ్యాంకు ఖాతా వివరాలు ఓనరే ఇవ్వాలి. అవి ఆలస్యమైతే సైట్ కూడా ఆలస్యమవుతుందని మొదటి రోజే రాయాలి. ఏమేం చేయరో కూడా రాయాలి. చాలా గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఓనరు ఫోన్‌లో ఏదైనా కొత్తగా అడిగితే ఆ సాయంత్రమే మెయిల్ పెట్టాలి: “సార్, ఈరోజు మీరడిగిన తెలుగు పేజీలు మన ఎస్టిమేట్‌లో లేవు. వాటికి ఇంత ఖర్చు, ఇన్ని రోజులు అదనం. ఓకే అని జవాబిస్తే మొదలుపెడతాం.” అంకె మేనేజరుదే అయినా ఉత్తరం తను రాయాలి. అప్పుడు తప్పు తన మీదకు తోయడం అంత తేలిక కాదు.

రాయొద్దు, క్లయింట్ పోతాడు అని మేనేజరు అడ్డుపడితే మాత్రం అక్కడ ఎక్కువకాలం ఉండక్కర్లేదు. ఈ అనుభవంతో, క్లయింటుకు ఏం కావాలో కనుక్కుని రాసిపెట్టే బిజినెస్ ఎనలిస్ట్ ఉద్యోగాలకు అప్లై చేయమనండి. తను రాసిన ఎస్టిమేట్ల పద్ధతిని, క్లయింట్ పేరు, అంకెలు లేకుండా, ఇంటర్వ్యూలో వివరించవచ్చు. కొత్త ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా.