మాలరీ బాడీలు ఉంటే మద్యం తాగినట్టేనా?

ప్రశ్న: మా అన్నయ్యకు 46 ఏళ్లు. షుగరు ఉంది, బరువు కూడా ఎక్కువే. మద్యం ఎన్నడూ ముట్టలేదు. కాలేయం ముక్క తీసి పరీక్షిస్తే ‘స్టియాటోహెపటైటిస్, బెలూనింగ్, మాలరీ బాడీలు, ఫైబ్రోసిస్ ఎఫ్2’ అని రిపోర్టు వచ్చింది. మాలరీ బాడీలు తాగేవారి కాలేయంలోనే ఉంటాయని బంధువొకరు అనడంతో ఇంట్లో అందరూ ఆయనను అనుమానంగా చూస్తున్నారు. రిపోర్టు నిజంగా అదే చెబుతోందా?

జవాబు: లేదు. మీ బంధువు మాట పూర్తిగా నిరాధారం కాదు గానీ, అది ఏనాడో పాతబడింది. ఫ్రాంక్ మాలరీ అనే పాథాలజిస్టు (కణజాలాన్ని పరీక్షించే వైద్యుడు) 1911లో కాలేయ కణాల్లోని ఈ ప్రొటీన్ ముద్దలను మద్యం వల్ల దెబ్బతిన్న కాలేయాల్లో వర్ణించడంతో, చాలాకాలం వాటిని మద్యానికి గుర్తుగానే భావించారు. అయితే 1980లో లుడ్విగ్ అనే పాథాలజిస్టు, ఆయన సహచరులు మద్యం అలవాటు లేని 20 మంది కాలేయాల్లో అవే మార్పులను చూపించారు. వారిలో ఎక్కువమంది స్థూలకాయులు. శరీరంలో రాగి పేరుకునే విల్సన్ వ్యాధిలోనూ, పిత్తం చాలాకాలం నిలిచిపోయిన కాలేయంలోనూ, ఎమియోడరోన్ అనే గుండె మందు వల్ల కూడా ఇవి కనిపించవచ్చు.

సూక్ష్మదర్శినిలో చూస్తే, కొవ్వు చేరిన కణంలో చిన్న బిందువులన్నీ కలిసి ఒకే పెద్ద బిందువై కేంద్రకాన్ని అంచుకు నెట్టివేస్తాయి. ఇలాంటి కణాలు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ అంటారు. కొవ్వు ఒక్కటే ఉంటే ఆందోళన తక్కువ. దానికి వాపు, కణాల దెబ్బ తోడైతే అది స్టియాటోహెపటైటిస్. కణం ఉబ్బి, లోపలి పదార్థం పలచబడి వెలిసినట్టు కనిపించడమే బెలూనింగ్. దాని ఆకారాన్ని నిలబెట్టే కెరాటిన్ పోగులు కుప్పకూలి చిక్కుపడిన గులాబీ రంగు ముద్దలే మాలరీ బాడీలు. వాటి చుట్టూ న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుమిగూడటం మద్యం కేసుల్లో ఎక్కువ, కానీ అది మొగ్గు మాత్రమే, రుజువు కాదు. నా దృష్టిలో మద్యం వల్ల వచ్చిన జబ్బునూ, మద్యం లేకుండా వచ్చినదాన్నీ విడదీసేది రోగి చెప్పే అలవాట్ల వివరం, షుగరు, బరువు, రక్త పరీక్షలే తప్ప సూక్ష్మదర్శిని కింద పెట్టే గాజు పలక కాదు. మీ అన్నయ్యకు షుగరూ బరువూ రెండూ ఉన్నాయి కనుక, కారణం కోసం వేరే చోట వెతకనక్కరలేదు.

అసలు చూడవలసింది ఎఫ్2ను, అంటే ఫైబ్రోసిస్ (కాలేయంలో పీచు పేరుకోవడం) ఏ దశలో ఉందో చెప్పే అంకెను. కాలేయ కణాల పక్క సందుల్లో విటమిన్ ఎ నిల్వచేసుకొని ఉండే స్టెల్లేట్ కణాలు, పొరుగు కణాలు దెబ్బతిన్నప్పుడు స్వభావం మార్చుకొని కొల్లాజెన్‌ను తయారుచేస్తాయి. ఆ పీచు మొదట కేంద్ర సిర దగ్గర ఒక్కొక్క కణం చుట్టూ కోళ్ల కంచెలాగా అల్లుకుంటుంది. ఎఫ్2 అంటే అది రక్తనాళాలు, పిత్తనాళం కలిసి ఉండే పోర్టల్ ప్రాంతాలకూ పాకిందని. వాటి మధ్య వంతెనలు పడితే ఎఫ్3, కాలేయమంతా పీచు చుట్టిన గడ్డలుగా విడిపోతే ఎఫ్4, అంటే సిరోసిస్. ఎఫ్2 దశ వెనక్కి తగ్గే అవకాశం ఉన్నదే. శరీర బరువులో సుమారు 10 శాతం తగ్గినవారిలో పీచు కరగడం చూశారు.

ప్రశ్న: ముక్క చూసి కారణం కచ్చితంగా చెప్పగలిగే కాలేయ జబ్బులేవైనా ఉన్నాయా?

జవాబు: కొన్ని ఉన్నాయి. దీర్ఘకాలిక హెపటైటిస్ బిలో వైరస్ ఉపరితల యాంటిజెన్ (దాని పైపొర ప్రొటీన్) పేరుకొని, కణం లోపల నునుపుగా మసకబారే గ్రౌండ్ గ్లాస్ కణాలు కనిపిస్తాయి. హెపటైటిస్ సిలో పోర్టల్ ప్రాంతాల్లో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు గుంపులు కట్టడం, సొంత రోగనిరోధక శక్తే కాలేయంపై దాడిచేసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాలు విస్తారంగా చేరడం సూచనలే కానీ, తీర్పు రక్త పరీక్షలదే. ఇనుము పేరుకుంటే పెర్ల్స్ అనే రంగు పరీక్షతో నీలంగా బయటపడుతుంది. రాగి విషయంలో జాగ్రత్త అవసరం: విల్సన్ వ్యాధి తొలిదశలో రంగు పట్టకపోయినా జబ్బు లేదని అనుకోకూడదు.

సూదితో తీసే ముక్క మొత్తం కాలేయంలో దాదాపు 50,000వ వంతే కనుక, అది మరీ చిన్నదైతే అసలు దశ కన్నా తక్కువ దశ రిపోర్టులో నమోదయ్యే ప్రమాదం కూడా ఉంటుంది.