జీతం పదిన్నర నెలలు, ఈఎంఐ పన్నెండు నెలలు

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. హనుమకొండలో ఉంటాం. డిగ్రీ అయ్యాక పోయిన జూన్‌లో ఒక ప్లే స్కూల్లో టీచర్‌గా చేరాను. నర్సరీలో 22 మంది పిల్లలు, నేను, ఒక ఆయా. జీతం 14,000. ప్రతి నెలా 10వ తేదీన ఇస్తారు. మే నెలకు జీతం ఉండదు, జూన్‌కు సగమే. ఇంట్లో 5,000 ఇస్తాను. బస్సు, ఫోను, నా ఖర్చులు 3,500. 40,000 చీటీకి నెలకు 2,000 కడుతున్నాను, 20 నెలల్లో ఏడు అయ్యాయి. బ్యాంకులో 22,000 ఉన్నాయి. ఒక ఆన్‌లైన్ సంస్థ ఏడాది మాంటెస్సోరి టీచర్ కోర్సు 90,000కు చెబుతోంది. వాళ్లే ఒక లోన్ యాప్‌లో 18 నెలలకు, 5వ తేదీన 5,900 చొప్పున ఈఎంఐ పెట్టిస్తారట. ప్రాసెసింగ్ ఫీజు 2,500 వేరే. సర్టిఫికెట్ ఉంటే 18,000 దాకా చూడొచ్చని మా ప్రిన్సిపాల్ మేడమ్ అన్నారు. చీటీ ఆపేస్తే నెలకు 5,500 మిగులుతుంది, మిగతా 400 ఎలాగోలా సర్దుకుంటాను. ఈ లోన్ తీసుకోవచ్చా? లేక అమ్మ గొలుసు కుదువ పెట్టడం మంచిదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తీసుకోవద్దమ్మా. లోనూ వద్దు, గొలుసూ వద్దు. కోర్సు చేయాలన్న మీ ఆలోచన మంచిదే, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మీలాగే చిన్నపిల్లల బడుల్లో కొత్తగా చేరిన అమ్మాయిలు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. అందుకే మీ ఉత్తరానికి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు లెక్కలన్నీ 14,000 జీతం మీద వేశారు. మీకు ఏడాదికి వచ్చేది పదిన్నర నెలల జీతం, అంటే 1,47,000. పన్నెండు నెలలకు పంచితే నెలకు 12,250. మీ జీతం అదీ! ఈఎంఐకి వేసవి సెలవులు ఉండవు. మీ బడికి ఉంటాయి.

ఇప్పుడు క్యాలెండర్ తీసి తేదీలు చూడండి. ఏప్రిల్ జీతం మే 10న వస్తుంది. జూన్ 10న ఏమీ రాదు. జూలై 10న జూన్ సగం జీతం, 7,000. పూర్తి జీతం మళ్లీ చూసేది ఆగస్టు 10న. అంటే మే 10 దాటాక మూడు నెలల్లో మీ చేతికి వచ్చేది 7,000 ఒక్కటే. ఆ మధ్యలో జూన్ 5, జూలై 5, ఆగస్టు 5 తేదీల్లో మూడు ఈఎంఐలు పడతాయి, మొత్తం 17,700. ఇంట్లో ఇచ్చే డబ్బు, బస్సు ఛార్జీలు ఈ లెక్కలో లేనే లేవు. ఒక్క ఈఎంఐ బౌన్స్ అయినా బ్యాంకు ఒక ఛార్జీ, లోన్ ఇచ్చిన కంపెనీ ఇంకో ఛార్జీ వేస్తాయి, సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతారో లేదో బ్యాంకులు చూసే మార్కు, పడిపోతుంది. తర్వాత ఆ యాప్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఈ టెన్షన్ పెట్టుకుని 22 మంది పసిపిల్లలకు రైమ్స్ ఎలా చెబుతారు?

'ఎలాగోలా సర్దుకుంటాను' అన్న ఆ 400 దగ్గర నేను ఆగిపోయాను. నెల ఖర్చు 400 తేడాతో ఆగిపోయేంత బిగుతుగా ఉన్నప్పుడు అప్పు అన్న మాటే ఎత్తకూడదు. పైగా చీటీ ఆపితే ఆ 2,000 మిగులుతుందనుకుంటున్నారు. చీటీ మధ్యలో మానేస్తే కట్టిన 14,000 చీటీ నడిపేవాళ్లు వెంటనే తిరిగి ఇవ్వరు. ఆఖర్న చూద్దాం అంటారు, కొంత కోసుకుంటారు. రిజిస్టర్ కాని చీటీ అయితే అడిగే దిక్కు కూడా ఉండదు. కాబట్టి ఆ 2,000 మిగులు కాదు, ఆపితే మునిగే డబ్బు.

లోన్ సంగతీ చూద్దాం. 5,900 చొప్పున 18 నెలలంటే 1,06,200. ప్రాసెసింగ్ ఫీజుతో 1,08,700. వాళ్లు మీకు '12 శాతమే' అని చెప్పి ఉంటారు. అది మొదటి నెల నుంచి చివరి నెల దాకా మొత్తం 90,000 మీదా లెక్కగట్టిన ఫ్లాట్ వడ్డీ. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ తగ్గదు. ఫీజు కూడా కలిపి సరిగ్గా లెక్కవేస్తే ఏడాదికి 25 శాతం పైన పడుతుంది. మన లెక్కలో నూటికి రెండు రూపాయల వడ్డీ కంటే ఎక్కువ. వీధిలో వడ్డీ వ్యాపారి రెండు రూపాయలకు ఇస్తానంటే మీ నాన్నగారు ఒప్పుకుంటారా? ఫోన్‌లో రంగు రంగుల బటన్ నొక్కితే వస్తుంది కాబట్టి అది అప్పులా కనబడటం లేదు, అంతే.

ఇంకో సంగతి కోర్సు అమ్మేవాళ్లు చెప్పరు. ఫీజు వాళ్లకు ఒకేసారి అందిపోతుంది. అప్పు మాత్రం మీకూ ఆ ఫైనాన్స్ కంపెనీకీ మధ్య ఉంటుంది. క్లాసులు బాగోలేక మానేసినా, సంస్థ మూతపడినా ఈఎంఐ మీరు కట్టాల్సిందే. ప్రిన్సిపాల్ మేడమ్ అన్న 18,000 కాగితం మీద ఉందా? లేదు, 'చూడొచ్చు' అన్నారు. ఆమె మాట నిలబెట్టుకున్నా పదిన్నర నెలల లెక్కన ఏడాదికి పెరిగేది 42,000. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి రెండున్నర ఏళ్లు దాటుతుంది, అది కూడా కోర్సు పూర్తయిన తర్వాత నుంచి.

అమ్మ గొలుసు మీద వడ్డీ దీనికంటే తక్కువే. కానీ తీర్చేది మీ ఇదే జీతంలోంచి. వద్దు.

మరి ఏం చేయాలి? ముందు రెండు రకాల డబ్బు విడివిడిగా పెట్టుకోండి. ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే, వినేవాళ్లు తక్కువ. ఒకటి వేసవి డబ్బు, రెండోది ఆపద డబ్బు. వేసవి ఆపద కాదు, ప్రతి ఏడాదీ తేదీ చెప్పి మరీ వస్తుంది. దానికి ఆపద డబ్బు వాడేస్తే నిజంగా ఆపద వచ్చిన రోజు చేయి చాపాల్సి వస్తుంది.

జూన్ 10 నుంచి ఆగస్టు 10 వరకు రెండు నెలలకు మీ ఖర్చు, చీటీతో కలిపి 21,000. వచ్చేది 7,000. తక్కువ పడేది 14,000. ఇప్పుడు ఫిబ్రవరి. ఈ నెల నుంచి మే దాకా వచ్చే నాలుగు జీతాల్లో మీకు నెలకు మిగిలే 3,500 కదపకుండా ఉంచితే సరిగ్గా 14,000 అవుతుంది. బ్యాంకులో ఉన్న 22,000 ముట్టుకోనవసరం లేదు. వచ్చే ఆగస్టు నుంచి నెలకు 1,400 ఈ వేసవి డబ్బులోకి, 2,100 ఆపద డబ్బులోకి వెళ్లాలి. జీతం పడిన రోజే వెళ్లాలి. రికరింగ్ డిపాజిట్ పెట్టుకుంటే మన ప్రమేయం లేకుండా అదే వెళ్తుంది.

ఆపద డబ్బు ఎంత? చీటీ పక్కన పెడితే మీ నెల ఖర్చు 8,500. ఆరు నెలలకు 51,000. మీకు మూడు నెలలది చాలదా అని ఎవరైనా అంటే వినకండి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆఖర్న తెరిచింది చిన్నపిల్లల తరగతులే. జీతం ఆగిన టీచర్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి వెళ్లారు. తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000, పాతిక కిలోల బియ్యం ప్రకటించింది 2021 ఏప్రిల్‌లో, అంటే బడులు మూతపడిన ఏడాది తర్వాత. అది కూడా గుర్తింపు పొందిన పాఠశాలల్లో పనిచేసేవాళ్లకు. మీ ప్లే స్కూల్‌కు ఆ గుర్తింపు ఉందో లేదో మీరెప్పుడైనా అడిగారా?

అంత పెద్ద కష్టమే రానక్కర్లేదు. ముక్కు కారుతున్న పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించే ఉద్యోగం మీది. పిల్లలకు వచ్చిన ప్రతి జలుబూ, జ్వరమూ మొదటి ఏడాది టీచర్‌కూ వస్తుంది. ఆటలమ్మ వస్తే రెండు వారాలు బడికి వెళ్లలేరు. జీతం కోత పడితే దాదాపు 7,000 పోతుంది. రోజంతా గొంతెత్తి మాట్లాడి గొంతు పూర్తిగా పోయి సెలవు పెట్టినవాళ్లూ నాకు తెలుసు.

అందుకే మేడమ్‌ను జీతం పెంపు కంటే ముందు ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా గురించి అడగండి. బడిలో ఆయాలు, డ్రైవర్లతో కలిపి పది మంది, అంతకు మించి ఉంటే ఇది అడగాల్సిన విషయం. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. మీ వాటా 0.75 శాతం, అంటే నెలకు 105 రూపాయలు. యాజమాన్యం 3.25 శాతం కట్టాలి. మీకు వైద్యం అందుతుంది, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా అందే వీలుంది. తగినన్ని రోజులు చందా కట్టి ఉంటే జబ్బు చేసి సెలవు పెట్టిన రోజులకు 70 శాతం జీతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. పెళ్లయ్యాక ప్రసూతి సెలవుకు 26 వారాల జీతం ఇదే ఇస్తుంది. 105 రూపాయలకు ఇంత రక్షణ మరెక్కడా దొరకదు. ఆ మాట అడగడానికి మొహమాటపడకండి.

ఈఎస్ఐ లేదంటే ఇంట్లో రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీ ఉందేమో చూసుకోండి, 10 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు వస్తుంది. అదీ లేకపోతే మీ పేరు మీద చిన్న ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా, రెండింటికీ ఈ వారమే సంతకం పెట్టండి, చెరో 2 లక్షల కవరేజీ. చుట్టాలెవరైనా పొదుపూ, బీమా కలిపి అమ్మే ఎండోమెంట్ పాలసీ తెస్తే ఇప్పుడు కాదని చెప్పండి. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే సిప్‌లు, బంగారం స్కీములు తర్వాత చూసుకోవచ్చు.

ఇక చదువు. చీటీ పాట జోలికి వెళ్లకుండా ఆఖరి దాకా ఆగితే, వచ్చే ఫిబ్రవరిలో కమిషన్ పోను దాదాపు మొత్తం చేతికొస్తుంది. అప్పటికి బ్యాంకులో ఉన్న 22,000తో కలిపి మీ ఆపద డబ్బు 36,700 అయి ఉంటుంది. 51,000 నింపాక కూడా ఇరవై వేల పైచిలుకు మిగులుతుంది. చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద ఇగ్నోలో డీఈసీఈ అనే డిప్లొమా ఉంది, ఇంటర్ పాసైతే చాలు. దాని ఫీజు మీకు చెప్పిన 90,000కు దగ్గర్లో కూడా లేదు. మాంటెస్సోరి శిక్షణే కావాలంటే ఆ సామగ్రిని చేత్తో పట్టుకుని నేర్చుకునే చోట చేరండి. గులాబీ టవర్ పేర్చడం, గరుకు అక్షరాల మీద వేలు నడిపించడం వీడియో చూసి వచ్చేవి కావు. ఎక్కడ చేరినా ముందు హనుమకొండ, వరంగల్‌లో నాలుగు మంచి బడులకు వెళ్లి, ఈ సర్టిఫికెట్ ఉంటే మీరు ఎంత ఇస్తారని అడిగి రండి. సర్కారు ప్రాథమిక బడిలో టీచర్ పోస్టు మనసులో ఉంటే దారి వేరు. దానికి డీఎల్ఈడీ, టెట్ కావాలి, ఈ ఆన్‌లైన్ సర్టిఫికెట్ పనికిరాదు.

'ఈ ఆదివారంతో సీట్లు అయిపోతాయి' అని వాళ్లు ఫోన్ చేస్తూ ఉంటారు. చేయనివ్వండి. ఆధార్ ఓటీపీ, బ్యాంకు ఆటో డెబిట్ ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఒకవేళ ఇప్పటికే చెప్పేసి ఉంటే, ఇది చదివిన వెంటనే లోన్ యాప్‌లో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే లోన్ షరతులన్నీ ఒకచోట ఉండే పత్రం తెరవండి. అందులో ఏపీఆర్, అంటే ఛార్జీలతో కలిపి ఏడాదికి పడే వడ్డీ శాతం ఎంత ఉందో, లోన్ వదులుకోవడానికి ఎన్ని రోజుల గడువు ఇచ్చారో ఉంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కనీసం ఒక రోజు ఇవ్వాలి. ఆ గడువులో అసలు, లోన్ మీ దగ్గర ఉన్న రోజులకు పడే వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి. సంస్థకు ఫీజు చేరిపోతే వెనక్కి ఇవ్వమని అదే రోజు ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో మాటలతో సరిపెట్టుకోకండి.