నాజీల కాలంలో వియన్నా ఆసుపత్రిలో పిల్లల్ని చంపి, వాళ్ల మెదళ్లని సీసాల్లో దాచుకున్నారని గ్రే మ్యాటర్ డాక్యుమెంటరీలో చూపించింది నిజమేనా? ఆస్ట్రియా అన్నేళ్లు ఎలా దాచింది?

నిజమే. నేను పాథాలజీ డాక్టర్ని. కాన్ఫరెన్స్ పని మీద వియన్నా వెళ్లినప్పుడు ఆ ఆసుపత్రి ఆవరణ చూసి వచ్చాను కాబట్టి తెలిసినంత చెప్తాను.

స్టైన్‌హోఫ్ మానసిక వైద్యశాలలో ‘ఆమ్ స్పీగెల్‌గ్రుండ్’ అనే పిల్లల విభాగం 1940లో మొదలైంది. 1945 వరకు అక్కడ 789 మంది పిల్లలు చనిపోయారు. వైకల్యం ఉన్నవాళ్లు, ‘బతకడానికి పనికిరారు’ అని డాక్టర్లు తేల్చినవాళ్లు. చాలామందికి తిండిలో లూమినల్ అనే మత్తుమందు కలిపి పెట్టేవారు. పిల్లలు మత్తులో నీరసించి న్యుమోనియాతో పోయేవారు. కాగితాల్లో కూడా న్యుమోనియా అనే రాసేవారు.

దాచడం అన్నారు గానీ, నా దృష్టిలో జరిగింది అంతకన్నా ఘోరం. అక్కడ పనిచేసిన డాక్టర్ హైన్రిష్ గ్రాస్‌కి 1950లో రెండేళ్ల శిక్ష పడితే, మరుసటి ఏడాదే పైకోర్టు కొట్టేసింది. తర్వాత ఆయన అదే ఆసుపత్రిలో చేరి, సీసాల్లో ఉంచిన ఆ పిల్లల మెదళ్ల మీదే పరిశోధనా పత్రాలు రాశాడు. కోర్టులు పిలిచే పేరున్న సైకియాట్రిస్టు అయ్యాడు. 1975లో ప్రభుత్వం పతకం కూడా ఇచ్చింది.

అదే ఏడాది జైల్లో ఉన్న ఫ్రీడ్రిష్ జవ్రెల్‌ని పరీక్షించడానికి వెళ్లాడు. చిన్నప్పుడు స్పీగెల్‌గ్రుండ్‌లో ఇదే డాక్టర్ కింద నరకం చూసిన మనిషి జవ్రెల్. గుర్తుపట్టి ముఖం మీదే అడిగేశాడు. గ్రాస్ ఏం చేశాడో తెలుసా? నాజీల నాటి ఫైలునే ఆధారంగా చూపించి, ఈయన్ని బయటికి వదలకూడదని రిపోర్టు రాశాడు! ఈ ఒక్క సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

డాక్టర్ వెర్నర్ ఫోగ్ట్ బహిరంగంగా నిలదీస్తే గ్రాస్ పరువునష్టం దావా వేశాడు. హత్యల్లో గ్రాస్‌కి భాగం ఉందని 1981లో పైకోర్టు తేల్చింది. అయినా కోర్టులు ఆయన్ని పిలుస్తూనే ఉన్నాయి. ‘హిట్లర్‌కి మొదట బలైంది మేమే’ అని దేశమంతా చెప్పుకుంటున్న రోజులవి. మా తప్పూ ఉందని ఛాన్సలర్ వ్రానిట్స్కీ పార్లమెంటులో ఒప్పుకున్నది 1991లో.

మా మెడికల్ కాలేజీ మ్యూజియంలో కూడా శరీర భాగాలు ఉంచిన సీసాల మీద నంబరు, జబ్బు పేరు తప్ప ఇంకేం ఉండేవి కావు. మేమూ ఎప్పుడూ అడగలేదు. స్టైన్‌హోఫ్‌లో చనిపోయిన పిల్లల కోసం వందల దీపస్తంభాలు వరసలుగా నిలబెట్టారు. వాటి మధ్య నడుస్తుంటే, సీసాలో ఉన్నది ఎవరి బిడ్డో అడగడం డాక్టరు పనే కదా అనిపించింది. అప్పట్నుంచి మా స్టూడెంట్లకి ఈ కేసు తప్పకుండా చెప్తున్నాను.

ఆ పిల్లల అవశేషాలని 2002 ఏప్రిల్‌లో వియన్నా సెంట్రల్ శ్మశానంలో ఖననం చేశారు. గ్రాస్ మీద 2000లో మొదలైన విచారణ మతిమరుపు జబ్బు పేరుతో ఆగిపోయింది. 2003లో పతకం వెనక్కి తీసుకున్నారు. 2005లో 90 ఏళ్ల వయసులో పోయాడు, శిక్ష పడకుండానే.