ఛార్జర్లు పీకితే బిల్లు తగ్గదండీ

ఫోన్ ఛార్జర్లన్నీ పీకేస్తున్నా కరెంటు బిల్లు తగ్గట్లేదు, గీజరు వేసేది అరగంటే కదా అని మీరు అడిగారు. వాట్లను గంటలతో గుణించి 1000తో భాగించండి, యూనిట్లు వస్తాయి. 2000 వాట్ల గీజరు అరగంట కాలితే ఒక యూనిట్. రోజుకోసారి ఛార్జింగ్ పెట్టే ఫోనుకి నెలంతా కలిపినా సాధారణంగా అంత కూడా కాదు.

అయితే మీరు అసలు అనుమానించనివి ఫ్యాన్లు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు. మూడు ఫ్యాన్లు 12 గంటలు తిరిగితే 2.7 యూనిట్లు, అంటే మీ గీజరు కన్నా ఎక్కువే! తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 30 వాట్ల దగ్గర సరిపోతుంది. మిక్సీ గురించి టెన్షన్ వద్దు, అది తిరిగేదే ఐదు నిమిషాలు.

ఇంకా అనుమానముంటే మీటరు చూడండి. దాని మీద 3200 ఇంప్ అని ఉంటే, ఎర్రలైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపేసినా మెరుస్తూనే ఉంటే ఎక్కడో కరెంటు కారుతుండొచ్చు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఫ్రిజ్, ఇన్వర్టర్ కూడా ఆపి చూడాలి సుమా.