బండి మీద ముక్తినాథ్ వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

దసరా వెళ్లాక నువ్వు హిమాలయన్ బండి వేసుకుని నేపాల్ వెళ్తున్నావని రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. "దానికి ఈ పిచ్చి ఎక్కించింది నువ్వే" అని నా మీద కేకలేశాడు కూడా. మన ఇంటి ఆడపిల్ల తన బండి తనే నడుపుకుంటూ దేశం దాటుతుందంటే నాకు ఎంత గర్వంగా ఉందో అంత గుబులుగానూ ఉంది. పొద్దున నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ చూశాక గుబులే ఎక్కువైంది. పోఖరా నుంచి ముక్తినాథ్ గుడికి ఒక్క రోజు, తిరిగి పోఖరా ఒక్క రోజు అని రాశావు. ఆ రెండు లైన్లు చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి చెప్పేస్తాను. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు, నువ్వు పాస్‌పోర్టే పట్టుకెళ్లు. మన లైసెన్సు అక్కడ చెల్లుతుంది. గోరఖ్‌పూర్ దాటి సునౌలీ దగ్గర సరిహద్దులో బండికి భన్సార్ కట్టాలి, అంటే కస్టమ్స్ పర్మిట్. రోజుల లెక్కన కట్టించుకుంటారు. నువ్వు అనుకున్న దానికంటే రెండు రోజులు ఎక్కువే కట్టు. కొండదారిలో ఎక్కడ ఆగిపోతావో ముందే తెలీదు, గడువు దాటితే జరిమానా. వాళ్ల ప్రభుత్వ క్యాలెండర్ విక్రమ సంవత్సరాలది, మనకంటే సుమారు 57 ఏళ్లు ముందుంటుంది. చీటీ మీద తేదీ ఆ లెక్కలో రాసిస్తే కౌంటర్ దగ్గరే అడిగి పక్కన మన తేదీ రాసుకో. ఆ చీటీ పోగొట్టుకోకు, తిరిగి వచ్చేటప్పుడు అడుగుతారు.

బండి మీ నాన్న పేరు మీద ఉంది, మర్చిపోయావా? ఆర్‌సీ ఒరిజినల్‌తో పాటు, నా కూతురే నడుపుతోంది, నాకు సమ్మతమే అని ఆయన సంతకంతో ఒక లెటర్ నోటరీ చేయించి పెట్టుకో. ఇక ఇన్సూరెన్సు. మామూలు పాలసీ మన దేశం వరకే. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ లాంటి పొరుగు దేశాలకి కవరేజీ పొడిగించే ఎండార్స్‌మెంట్ ఒకటుంది, జియోగ్రాఫికల్ ఎక్స్‌టెన్షన్ అంటారు. ఏజెంటు "అవన్నీ అక్కర్లేదండీ" అంటాడు, నాకూ అలాగే చెప్పారు. వదలకుండా అడిగి రాయించుకో. నీకు విడిగా ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకో, అందులో బైక్ నడపడం, ఎత్తైన చోట్ల నుంచి హెలికాప్టర్‌లో దింపడం ఉన్నాయో లేదో చదువుకో.

డబ్బు: మన రూపాయికి వాళ్లది 1.60. 2018లో నేపాల్ మన వంద దాటిన నోట్లను నిషేధించింది, ఆ తర్వాత నిబంధనలు మారుతూ వస్తున్నాయి, బయలుదేరే ముందు కనుక్కో. ఏదైనా వంద నోట్లు ఒక కట్ట దగ్గరుంచుకుంటే టెన్షన్ ఉండదు. ఫోన్‌పే నమ్ముకుని కొండలెక్కకు. సిమ్ సరిహద్దులోనే తీసుకో, పాస్‌పోర్టు సైజు ఫోటోలు పట్టుకెళ్లు, అన్నపూర్ణ ప్రాంతంలోకి వెళ్లే పర్మిట్‌కి కూడా పనికొస్తాయి. మన దసరా రోజుల్లోనే వాళ్లకి దశైన్. ఆఫీసులు మూసేస్తారు, సొంతూళ్లకి పోయే జనంతో బస్సులు కిక్కిరిసి రోడ్డంతా వాళ్లదే అవుతుంది. అది పూర్తిగా అయ్యాకే సరిహద్దు దాటు. వానాకాలంలో వెళ్లనందుకు మాత్రం నిన్ను మెచ్చుకోవాలి. 2024 జులైలో నారాయణఘాట్–ముగ్లిన్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి.

బండి గురించి నీకు నేను చెప్పేదేం లేదు. క్లచ్ కేబుల్, ట్యూబు, బ్రేక్ ప్యాడ్లు, లివర్లు పెట్టుకో, మిగతావి దొరుకుతాయి.

ఇక అసలు సంగతి. మీ చిన్న మావయ్యకి నేపాల్‌లో ఏదో తిన్నది పడలేదని మన ఇళ్లల్లో అందరూ అనుకుంటారు. మీ అమ్మ కూడా అదే నమ్ముతోంది. జరిగింది అది కాదు.

మేమందరం బండ్ల మీద ముక్తినాథ్ వెళ్లినప్పటికి బేనీ ఊరి నుంచి పైకి అంతా మట్టిదారి. రెండో రోజు సాయంత్రానికి ముక్తినాథ్ కింద రాణీపౌవా చేరాం. పోఖరా 800 మీటర్ల ఎత్తులో ఉంటే అది 3,700. దారిలో కాగ్‌బేనీ దగ్గరే మావయ్యకి తలనొప్పి మొదలైందట. చెప్పలేదు. రెండు పారాసెటమాల్ మింగి బండి నడిపాడు. రాత్రి ఏం తినలేదు, అడిగితే అలసటన్నాడు. మా అందరి ట్రిప్పు తన వల్ల పాడవుతుందని ఆయన బాధ. పైగా గుడి అంత దగ్గరకొచ్చి దర్శనం కాకుండా వెనక్కి వెళ్లడమా అని పట్టుదల.

అర్ధరాత్రి చప్పుడైతే లేచాను. మంచం మీద కూర్చుని గ్లౌజు తొడుక్కుంటున్నాడు. ఎడమ చేతిది కుడి చేతికి. బొటనవేలు దూరడం లేదు, తీస్తున్నాడు, మళ్లీ అదే చేతికి తొడుగుతున్నాడు. "ఏంటి బావా ఇది" అంటే నా వైపు చూశాడు గానీ నేనెవరో గుర్తుపట్టినట్టు లేదు. లేపి నిలబెడితే రెండడుగులు వేసి గోడకి ఒరిగాడు. అన్నేళ్లు బండి నడిపిన మనిషి!

లాడ్జి ఆయన చూడగానే కిందికి దించండి, తెల్లారేదాకా ఆగొద్దు అన్నాడు. ఎత్తుకి మెదడులో వాపు వస్తుందని, తూలడం, మాట తడబడడం, మతి తప్పడం దాని గుర్తులని నాకు తర్వాత తెలిసింది. ఆయనే జీపు మాట్లాడి పెట్టాడు. ఆ చీకట్లో జోమ్‌సోమ్ దాకా మావయ్య తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మాట్లాడిస్తూనే ఉన్నాను. మీ అమ్మకి ఏం చెప్పాలా అన్నదొక్కటే నా బుర్రలో తిరిగింది. జోమ్‌సోమ్ 2,700 మీటర్లు. వెయ్యి మీటర్లు దిగేసరికి తెల్లారి టీ అడిగాడు. ఇంకో నాలుగు గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో నేను రాయలేను.

ఆ రోజు మావయ్యని ముంచింది తలనొప్పి కాదు, దాన్ని దాచడం. నువ్వూ అచ్చం ఆయన పోలికే. చిన్నప్పుడు చెయ్యి విరిగినా రెండు రోజులు చెప్పని పిల్లవి. నాకు భయం అందుకే.

కాబట్టి ప్లాన్ మార్చు. మొదటి రాత్రి తాతోపానీలో పడుకో, అది 1,200 మీటర్లే, వేడినీళ్ల గుండాలున్నాయి, ఒళ్లు నొప్పులు పోతాయి. తర్వాత మార్ఫాలో గానీ జోమ్‌సోమ్‌లో గానీ రెండు రాత్రులు. మధ్య రోజు ఊరికే తిరుగు, నీళ్లు తాగు. ఆ మర్నాడు తెల్లవారుజామున బయలుదేరి ముక్తినాథ్ వెళ్లి, దర్శనం చేసుకుని, తిరిగి కిందే పడుకో. పైన నిద్రపోకు. ఎత్తు పడకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి డాక్టరుని అడుగు గానీ, మీ నాన్నకి సల్ఫా మందులు పడవు, నీకూ పడకపోవచ్చని ముందే చెప్పు. మందు కోసం దుకాణంలో అడిగి కొనుక్కోకు. నీతో వచ్చే ఇద్దరికీ ఈ ఉత్తరం చదివి వినిపించు. తలనొప్పితో పాటు వాంతులు గానీ, తిండి సయించకపోవడం గానీ ఉంటే ఎవరూ పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే దిగిపోవాలి. ముగ్గురిలో ఒక్కరికి ఒంట్లో బాగోలేకపోయినా ముగ్గురూ దిగాలి, విడిపోవద్దు.

తెల్లవారుజామున అన్నది గాలి కోసం. పదకొండు దాటితే కాళీ గండకీ లోయలో గాలి లేస్తుంది. అన్నపూర్ణ, ధవళగిరి కొండల మధ్య సందులోంచి తోసుకొస్తుంది. జోమ్‌సోమ్‌కి విమానాలు కూడా పొద్దున పూటే తిరుగుతాయి. పైకి వెళ్లేటప్పుడు వెనక నుంచి వీస్తుంది కాబట్టి తెలీదు, దిగేటప్పుడు ఇసుకతో సహా మొహాన కొడుతుంది. దిగుడులో ఫస్ట్, సెకండ్ గేర్లలోనే రా, బ్రేకులు కాల్చుకోకు. చీకటి పడ్డాక ఒక్క కిలోమీటరు కూడా వద్దు.

నాయనమ్మ నీకు నూట ఎనిమిది ధారల కింద స్నానం చేసి రమ్మని చెప్పిందట. 108 దివ్యదేశాల్లో సాళగ్రామ క్షేత్రం ఇదేనని ఆవిడకి ఎంత ఆశో నాకు తెలుసు. ఆ నీళ్లు మంచులా ఉంటాయి, తడిసి వణుకుతూ బండెక్కితే ప్రమాదం. చేత్తో తీసుకుని నెత్తిన చల్లుకో, ఒక సీసాలో పట్టి తీసుకురా. ఆవిడతో నేను మాట్లాడతాను. గుడి కనిపించేంత దగ్గరికి వెళ్లి వెనక్కి తిరగాల్సి వచ్చినా తిరిగిరా తల్లీ. ఈ ఇంట్లో ఎవరూ నిన్ను ఒక్క మాట అనరు, అననివ్వను.

సెలవు చాలదంటే కాఠ్మాండు తీసెయ్, దానికి ఇంకోసారి వెళ్లొచ్చు. మార్చిన ప్లాన్ ఆదివారం లోపు పంపు. అది చూశాకే మీ నాన్నతో మాట్లాడతాను.

పెదనాన్న